మనుష్యునికంటె ముందు పోవు కన్ను

పూర్వము కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో ధాన్యమును పాతరలలో దాచెడివారు. ఇంటి ముంగిటనో, దొడ్డిలోనో లోతైన గోతిని త్రవ్వి, దాని ప్రక్కలకు గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన మూతవేసి మన్ను మెత్తెడివారు. కొన్ని నెలలు గడచి గింజలు కావలసి వచ్చినప్పుడు పాతరను తెరచెడివారు. అయితే తెరచిన వెంటనే ఎవరును అందులోనికి దిగెడివారు కారు. కొంతసేపు గాలి యాడనిచ్చి, పిమ్మట త్రాటికి కట్టిన దీపమును మెల్లగా లోనికి విడిచెడివారు. దీపము వెలుగుచుండినచో మనిషి దిగును. ఆరిపోయినచో దిగడు. పాడుబావిలో పూడిక తీయుటకు దిగునపుడును ఈ జాగ్రత్తనే పాటించెడివారు.

దీనికి కారణమును మీరు విజ్ఞానశాస్త్ర పాఠములలో చదివియే యుందురు. గింజకును జీవము కలదు. మూసిన గోతిలో నున్న ధాన్యము అచ్చటి ప్రాణవాయువును పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును విడుచుచుండును. ఈ వాయువు గాలికంటె బరువైనది గాన పైకి రాక అడుగుననే నిలిచియుండును. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు ఇరువదియొక్క పాళ్లుండును. అది పదునేడు పాళ్లకు తగ్గుసరికి దీపము ఆరిపోవును. ఇంకను తగ్గి పదింటికి దిగజారినచో మనిషి స్పృహ తప్పును. దీపము మనిషికంటె ముందుగా ఆరుచున్నది కనుకనే అది మనిషిని కాపాడుచున్నది.

బొగ్గు గనులలోను ఇట్టి యుపాయములే యుండెను. 1815లో హంఫ్రీ డేవీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాలి కప్పిన దీపమును కనిపెట్టెను. గనిలో మండెడి వాయువున్నచో ఆ దీపపు మంట రూపు మారి, పనివారిని హెచ్చరించెడిది. ఇంగ్లండు దేశపు గనులలో కెనరీ యను చిన్న పక్షిని పంజరములో పెట్టి వెంట గొనిపోయెడివారు. విషవాయువు సోకినచో మనిషికంటె ముందు ఆ పిట్ట సోలిపోయెడిది. పాపము, ఆ పక్షుల కొలువు 1986 వరకును సాగినది! ఆ పిమ్మట వాని పనిని యంత్రములు చేపట్టినవి.

నేడు విద్యుత్కేంద్రములలో మూసియున్న చోట్లకు మనిషికంటె ముందుగా పంపబడుచున్నది డ్రోను. దానిని మీరు చూడకపోలేదు. వివాహములలో పందిరిమీద తుమ్మెదవలె రొద చేయుచు ఎగురుచు ఛాయాచిత్రములు తీయునది అదియే. పొలములలో మందు చల్లునదియు అదియే. ఈ పేరునకు ఇంగ్లీషున మగ తేనెటీగ యని యర్థము. 1935లో బ్రిటిషువారు ఫిరంగిదళములకు గురి చూచుట నేర్పుటకై చోదకుడు లేని విమానమును నిర్మించి దానికి ‘క్వీన్ బీ’, అనగా రాణి యీగ, యని పేరిడిరి. దానినిబట్టియే తక్కిన చోదకరహిత విమానములకు డ్రోనులను పేరు కలిగినదని చెప్పుదురు. దీనికి సంస్కృత పదములు కూర్చి క్రొత్త పేరు పెట్టవలెనని కొందరు పండితులు యత్నించుచున్నారు. పల్లెలో ప్రతి బాలునకును తెలిసిన మాట యుండగా వేరొక మాటతో పనియేమి? నేను డ్రోను అనియే వ్రాసెదను.

ఇక ఈ యంత్రమునకు మన ప్రాంతముతో గల సంబంధమును చూతము. గోదావరినది ఒకప్పటి కరీంనగరు జిల్లాకును ఆదిలాబాదు జిల్లాకును నడుమ ప్రవహించుచు ఆ రెండింటికిని ఎల్లగా నుండెను. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు దక్షిణపు గట్టున పెద్దపల్లి జిల్లాయు, ఉత్తరపు గట్టున మంచిర్యాల జిల్లాయు ఏర్పడినవి. ఈ నదికి ఇరుప్రక్కల భూమి క్రింద సింగరేణి బొగ్గు కలదు. బొగ్గును, నీరును ఒక్కచోటనే లభించుటచే ఇచ్చట తాపవిద్యుత్కేంద్రములు వెలసినవి. రామగుండములో 1971లో 62.5 మెగావాట్ల కేంద్రమొకటి పనిచేయ నారంభించి, అర్ధశతాబ్దమునకు పైగా సేవచేసి, 2024లో మూతపడినది. దానికి చేరువనే 1978లో నాటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి ఎన్.టి.పి.సి. సంస్థవారి పెద్ద కేంద్రమునకు శంకుస్థాపన చేసెను. 1983లో అందు మొదటి యూనిట్టు విద్యుత్తు నిచ్చెను. 2004 నాటికి అది 200 మెగావాట్ల యూనిట్లు మూడును, 500 మెగావాట్ల యూనిట్లు నాలుగును కలిగి 2600 మెగావాట్ల కేంద్రమైనది. ఆ ప్రక్కనే 2023, 2024 సంవత్సరములలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు జాతికి అంకితము చేయబడినవి. నదికి ఆవలి గట్టున జైపూరువద్ద సింగరేణి సంస్థ నిర్మించిన 1200 మెగావాట్ల కేంద్రము 2016 నుండి పనిచేయుచున్నది.

రైలులో పోవుచు రామగుండము చిమ్నీలను చూడనివారు ఈ ప్రాంతమున నుండరు. కాని ఆ కేంద్రములకు హృదయమువంటి బాయిలరు లోపల ఎట్లుండునో చూచినవారు బహు కొద్దిమంది. అందుచేత దానిని కొంత వివరింపవలసియున్నది.

బాయిలరనగానే మన మనస్సున వంటయింటి కాగువంటి రూపము మెదలును. కాని 500 మెగావాట్ల యూనిట్టు బాయిలరులోని కొలిమి ఏబది అరువది మీటర్ల ఎత్తుగల గది. అనగా ఇరువది అంతస్తుల మేడను లోపల అంతస్తులు లేకుండ డొల్లచేసినట్లుండును. ఈ గదికి ఇటుకగోడలు లేవు. నిలువుగా ప్రక్కప్రక్కన అతికిన ఉక్కు గొట్టములే దాని గోడలు. గొట్టముల లోపల నీరు ప్రవహించును. గొట్టముల వెలుపల, అనగా గది నడుమ, ముఖమునకు పూసికొను పొడివలె మెత్తగా విసరబడిన బొగ్గు గాలిలో తేలుచు మండును. ఆ మంట వేడి వేయి డిగ్రీలకు పైబడి యుండును. గొట్టములలోని నీరు ఆవిరియై, పై భాగమున వ్రేలాడు వేరు గొట్టముల గుంపులలో ఇంకను వేడెక్కి, టర్బైనును త్రిప్పుటకు పోవును. ఇంత పెద్ద నిర్మాణము నేలపై నిలువబడియుండదు. పైనున్న ఉక్కు దూలములనుండి గంటవలె వ్రేలాడుచుండును. వేడికి లోహము సాగును గదా! క్రిందినుండి నిలబెట్టినచో అది సాగుటకు చోటుండదు. వ్రేలాడదీసినందున మండునపుడు కొన్ని అంగుళములు క్రిందికి సాగి, చల్లారినపుడు మరల పైకి ముడుచుకొనును.

ఆ గొట్టముల గోడ మందము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. మన దేశపు బొగ్గులో బూడిద పాలు మిక్కుటము. నూరు టన్నుల బొగ్గు కాలినచో ముప్పది నలువది టన్నుల బూడిద మిగులుట సామాన్యము. ఈ బూడిద వేడిగాలితో కలిసి గొట్టములను రాచుకొనుచు పోవును. ఏటి ఇసుక రాతిని అరగదీసినట్లు ఆ బూడిద ఉక్కును అరగదీయును. గొట్టము ఒకచోట పలుచబడి చిల్లిపడెననుకొనుడు. అందుండి వెడలు ఆవిరి ధార కత్తివలె ప్రక్క గొట్టమును కోయును. అది తెగి మరియొకదానిని కోయును. అప్పుడు యూనిట్టును ఆపక తప్పదు. 500 మెగావాట్ల యూనిట్టు ఒక్క దినము ఆగినచో పోవు విద్యుత్తు ఎంతయో మీరే లెక్క కట్టుడు. అయిదు లక్షల కిలోవాట్లను ఇరువదినాలుగు గంటలచే హెచ్చింపగా ఒక కోటి ఇరువది లక్షల యూనిట్లు వచ్చును. కావున చిల్లి పడకమునుపే పలుచబడిన గొట్టమును కనుగొనవలెను. అందుకు యూనిట్టును నియమిత కాలమున ఆపి, చల్లార్చి, లోపలికి పోయి చూడవలెను.

లోపలికి పోవుట! కష్టమంతయు ఇందేయున్నది.

బాయిలరు ఒక్కటియే కాదు. బొగ్గును నిలువచేయు బంకరు, బూడిద రాలెడి గరాటువంటి హాపరు, పొగను కొనిపోవు పెద్ద గొట్టపు దారులు, చిమ్నీ లోపలి భాగము, నీటి పైపులు, తొట్టులు - ఇవన్నియు మనుష్యులు నివసించుటకై నిర్మింపబడినవి కావు. వీనికి ద్వారములుండవు. మనిషి ప్రాకుచు దూరునంతటి రంధ్రము మాత్రముండును. దానిని మ్యాన్‌హోలు అందురు. 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్ల చిమ్నీలు 275 మీటర్ల ఎత్తుండవలెనని మన దేశమున నియమము చేయబడెను. చార్మినారు ఎత్తునకు అది సుమారు అయిదు రెట్లు. దాని లోపలి పూతలో పగులున్నదో లేదో చూడవలెనన్న తొట్టివంటి ఊయలలో కూర్చుండి మనిషి పైకి పోవలసియుండెను.

ఇట్టి చోట్లలో కాచుకొనియుండు ఆపదలు పెక్కు. బంకరులో మిగిలిన బొగ్గు తనంత తానే లోలోపల కుములుచు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును పుట్టించును. దానికి రంగులేదు, వాసన లేదు. పాతర దీపము కూడ దానిని చెప్పలేదు. మండెడి వాయువున్న చోట దీపమే ఆపదను తెచ్చును కూడ. కొలిమి పై భాగమున బూడిద కరగి గడ్డకట్టిన క్లింకరు అను రాతివంటి ముద్దలు అంటుకొనియుండును. అవి ఎప్పుడు రాలునో ఎవరును చెప్పలేరు. హాపరు అడుగున పైకి చల్లగా కనుపించు బూడిద లోపల నిప్పువలె నుండవచ్చును. చీకటి, జారుడు, ఇరుకు ఎట్లును ఉండనే యుండును.

ఇన్నింటికంటె దారుణమైనది వేరొకటి కలదు. లోపలికి పోయినవాడు పడిపోయినచో, వెలుపలనున్న తోడివాడు ఆగలేడు. వెనుకముందు చూడక లోనికి దూకును. అతడును పడిపోవును. 1986లో అమెరికా దేశపు వృత్తిభద్రతా పరిశోధన సంస్థ యొకటి ఇట్టి మూసిన చోట్లలో జరిగిన మరణములను పరిశీలించి, చనిపోయినవారిలో నూటికి అరువదిమందికి పైగా రక్షింపబోయినవారేయని ప్రకటించెను. మన పల్లెలలో పాడుబావిలో ఒకరి వెనుక నొకరుగా దిగి ముగ్గురు నలుగురు మడసిన వార్తలను మీరు వినియే యుందురు. మంచిమనస్సే అచ్చట మృత్యువునకు దారి తీయుచున్నది. మన దేశమున 1948నాటి ఫ్యాక్టరీల చట్టము ఇట్టి స్థలములను గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రకరణమునే వ్రాసినది. తగిన ద్వారము లేనిచో ఎవరిని లోపలికి పంపరాదనియు, లోనికి కొనిపోవు విద్యుద్దీపము 24 వోల్టులకు మించరాదనియు అందు శాసించిరి.

విద్యుదుత్పత్తిలో మూసిన చోటు ఎంతటి ప్రమాదకరమో తెలంగాణమునకు బాగుగా తెలిసిన దినమొకటి కలదు. శ్రీశైలము ఎడమగట్టున కొండ కడుపులో జలవిద్యుత్కేంద్రము నిర్మింపబడియున్నది. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి అందు మంటలు లేచినవి. పొగ వెలుపలికి పోవు త్రోవ లేక సొరంగమంతయు నిండెను. తొమ్మిదిమంది ప్రాణములు కోల్పోయిరి. వారిని వెదకుటకు పోయినవారు ఆ పొగలో అడుగు ముందు ఏమున్నదో తెలియక ఎంతయో బాధపడిరి.

బాయిలరును పరిశీలించు పాత పద్ధతి యెట్లుండెను? మొదట యూనిట్టును ఆపి, రెండు మూడు దినములు చల్లారనిచ్చెదరు. తరువాత ఉక్కు గొట్టములను, పలకలను ఒక్కొక్కటిగా మ్యాన్‌హోలు గుండ లోపలికి చేరవేసి, అడుగునుండి పైదాక పరంజా కట్టెదరు. ఇదియే కొన్ని దినముల పని. పరంజా కట్టువారు మొట్టమొదట లోపలికి పోవువారు. వారు పోవునప్పటికి పైన క్లింకరున్నదో లేదో ఎవరును చూచియుండరు. అనగా ప్రమాదమును కనుగొనుటకై చేయు యేర్పాటులోనే ఎక్కువ ప్రమాదము ఇమిడియుండెను. వారిలో పెక్కుమంది గుత్తేదారువద్ద దినకూలికి పనిచేయు బీదవారు. అటుపిమ్మట అనుభవశాలియగు పనివాడు చేతి దీపముతో పరంజా ఎక్కి గొట్టములను చూచును, తడవును, చిన్న సుత్తితో తట్టును. ఆ మ్రోతనుబట్టి లోపమును పసిగట్టగల నిపుణులుండిరి. వారి నేర్పును తక్కువగా ఎంచరాదు. ఏ యంత్రమునకును అట్టి చెవి ఇంకను రాలేదు.

ఈ పనికి డ్రోనును పంపవలెనన్న ఆలోచన సులభముగనే తోచును. కాని ఆచరణ సులభము కాలేదు. పెండ్లిపందిరిపై ఎగురు డ్రోను ఆకాశమున ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములనుబట్టి తానెచ్చట నున్నదో తెలిసికొని కదలక నిలుచును. ఉక్కుగోడల నడుమకు ఆ సంకేతములు రావు. అందుచే బాయిలరులో అది దిక్కుతెలియని పక్షి యగును. పైగా దాని రెక్కల గాలి దగ్గరి గోడకు తగిలి సుడులై మరలివచ్చి దానినే త్రోయును. ఆ గాలికి బూడిద లేచి కంటికి తెర కట్టును. రెక్క గోడకు రవ్వంత తగిలినను యంత్రము కూలును.

ఈ చివరి చిక్కును విడదీసిన తీరు మిక్కిలి ముచ్చటగా నున్నది. స్విట్జర్లండు దేశమున లోజాన్ నగరములోని సాంకేతిక విశ్వవిద్యాలయమున కొందరు యువపరిశోధకులు ఈగను, పురుగును పరికించిరి. కిటికీ అద్దమునకు ఈగ ఎన్నిమార్లు కొట్టుకొనునో మీరు చూచియే యుందురు. అది కొట్టుకొనును, తొణుకును, మరల ఎగురును. గోడకు తగులకుండ నేర్పుగా తప్పించుకొను యంత్రమును చేయుటకై లోకమంతయు శ్రమపడుచుండగా, వీరు తగిలినను పడిపోని యంత్రమును చేయనెంచిరి. 2013లో వారు నిర్మించిన ‘జింబాల్’ అను డ్రోను చుట్టు బంతివంటి పంజరముండెను. పంజరము గోడకు తగిలి దొర్లును. లోపలి యంత్రము మాత్రము నిటారుగనే యుండును. అడవిలో చెట్లకు కొట్టుకొనుచు అది ఎగిరిపోయినది. మరుసటి సంవత్సరమే వారు ఒక సంస్థను స్థాపించి, బాయిలర్లు, తొట్టులు, సొరంగములు చూచు డ్రోనులను చేయ మొదలిడిరి. వానిలో నొకదాని పంజరపు వెడల్పు నలువది సెంటీమీటర్లకు లోపుగనే యుండును. అందుచే అది మ్యాన్‌హోలులో దూరగలదు.

దిక్కు తెలియుటకై ఇట్టి డ్రోనులలో కొన్నింటికి లైడారు అను పరికరమును అమర్చుదురు. అది క్షణక్షణము కాంతికిరణములను నలుదెసలకు చిమ్మి, అవి గోడలకు తగిలి మరలివచ్చు కాలమునుబట్టి దూరములను లెక్కించును. గబ్బిలము ధ్వనితో చేయు పనిని ఇది కాంతితో చేయునన్నమాట. అట్లు కొలిచిన లక్షలాది బిందువులను చేర్చి బాయిలరు లోపలి ఆకృతిని పటముగా కట్టును. ఆ పటముపై ‘ఎడమ గోడ, ఇన్నవ గొట్టము, ఇంత ఎత్తున’ అని లోపమున్న చోటును గుర్తింపవచ్చును. దీపముల అమరికలోను తెలివి కలదు. ఎదురుగా వెలుగు పడినచో గుంటయు మిట్టయు ఒక్కతీరుగ కనుపించును. ప్రక్కనుండి ఏటవాలుగా వెలుగు పడినచో గుంటలో నీడ నిలుచును. సాయంకాలపు టెండలో నేలమీది పల్లములు స్పష్టముగా కనబడుట మీరెరుగుదురు. డ్రోను కూడ అట్లే దీపము నోరగా ప్రసరించి గొట్టముపైని అరుగుదలను చూపును.

పని జరుగు క్రమమును గూడ చెప్పవలెను. యూనిట్టును ఆపి, ఆవిరి, నీరు, నూనె, గాలి వచ్చు దారులన్నింటిని మూసి, వానికి తాళములు వేసి, ఎవరును తెరువకుండ చీటీలు కట్టుదురు. డ్రోను వచ్చినదని ఈ నియమములలో ఏదియు సడలదు. చల్లారిన పిదప వాయుపరీక్ష చేయుదురు. చోదకుడు మ్యాన్‌హోలు వెలుపలనే నిలుచును. అతని చేతిలో మీటలు, ఎదుట చిన్న తెర యుండును. అతని ప్రక్కన బాయిలరు ఇంజనీరు కూర్చుండును. చోదకునకు ఎగురవేయుట తెలియును. కనుపించుచున్నది తుప్పో, పగులో, వట్టి మసియో ఇంజనీరునకు తెలియును. ఈ ఇద్దరు కలిసిననే పని నెరవేరును. డ్రోనులోని బ్యాటరీ పది పండ్రెండు నిమిషములకు మించి రాదు. అంతలో చూడవలసినది చూచి, వెనుకకు వచ్చి, బ్యాటరీ మార్చుకొని మరల పోవలెను. పరంజా కట్టుటకు దినములు పట్టుచుండగా ఇది కొన్ని గంటలలో కొలిమి నలుమూలలను చూచి వచ్చును. అటుపిమ్మట అవసరమైన చోట మాత్రమే పరంజా కట్టుదురు. అప్పటికి పైన వ్రేలాడు క్లింకరు సంగతి తెలిసియుండును. వార్తాపత్రికలు ఈ యంత్రమువలన ఆదాయగు దినములను, ధనమును గూర్చియే వ్రాయును. నాకు మాత్రము పైన ఏమున్నదో తెలియకుండ ఆ రంధ్రమున దూరవలసిన మొదటి కూలివానికి ఆ పని తప్పుటయే పెద్ద లాభముగా తోచును.

మన దేశమున ఎన్.టి.పి.సి. సంస్థకు 2021 జనవరిలో మధ్యప్రదేశములోని వింధ్యాచల్, గాడర్వారా కేంద్రములందును, ఛత్తీస్‌గఢ్‌లోని సీపత్ కేంద్రమునందును పరిశోధనకును, తనిఖీకిని డ్రోనులను వాడుటకు పౌరవిమానయానశాఖ అనుమతి లభించినది. ఆ యేడే ఆగస్టులో క్రొత్త డ్రోను నిబంధనలు వచ్చి, అనుమతుల చిక్కులు చాలవరకు తొలగినవి.

మనిషి ఎంత మాత్రము పోలేని చోటికి డ్రోను పోయిన కథ జపాను దేశమున జరిగినది. 2011 మార్చిలో భూకంపము, సముద్రపు టుప్పెన వచ్చి ఫుకుషిమాలోని అణువిద్యుత్కేంద్రము చెడిపోయెను. మొదటి రియాక్టరులోని ఇంధనము కరగి క్రిందికి జారినది. అచ్చటి అణుధార్మికతకు మనిషి తాళలేడు. 2015లో నేలపై ప్రాకు యంత్రము నొకదానిని లోనికి పంపగా అది నడుమ చిక్కుకొనెను. దానిని అచ్చటనే వదలివేసిరి. 2024 ఫిబ్రవరి, మార్చి మాసములలో అరచేతికంటె కొంచెము పెద్దవగు చిన్న డ్రోనులను ఆ రియాక్టరు కవచములోనికి ఎగురవేసిరి. ఒక్కొక్కటి 185 గ్రాముల బరువు మాత్రమే. పదుమూడు సంవత్సరములుగా ఎవరి కంటను పడని చోట్ల చిత్రములను అవి తీసికొనివచ్చెను.

అట్లని డ్రోను అన్నియు చేయగలదని భ్రమపడరాదు. అది మండుచున్న బాయిలరులోనికి పోలేదు. 2017 నవంబరు 1వ తేదీన ఉత్తరప్రదేశములోని ఊంచాహార్ కేంద్రమున 500 మెగావాట్ల యూనిట్టు బాయిలరు నడుచుచుండగా అడుగున బూడిద పేరుకొని ఘోరప్రమాదము జరిగి నలువదిమందికి పైగా మరణించిరి. అట్టి సమయమున లోపలిని చూచుటకు డ్రోను ఉపయోగపడదు. కొలతలను గమనించి యూనిట్టును సకాలమున ఆపగల మనుష్యుని నిర్ణయమే అచ్చట కావలెను. మరియు డ్రోను గొట్టముపైని మసిని చూచునే గాని మసిక్రింది లోహమును చూడలేదు. కొన్ని డ్రోనులు ధ్వనితరంగములను పంపు పరికరమును గొట్టమున కానించి మందమును కొలుచుచున్నవి. అందుకును ముందుగా ఆ చోటు శుభ్రముగా నుండవలెను. బొగ్గుపొడి గాలిలో దట్టముగా లేచిన చోటనో, మండెడి వాయువున్న చోటనో సామాన్యమైన డ్రోనును ఎగురవేయుట నిప్పుతో చెలగాటమే. దాని మోటారు రవ్వ చాలును, అంతయు ప్రేలుటకు.

ఇంకొక చిక్కు కలదు. దీనిని గూర్చి ఆ పనివారు నవ్వుచు చెప్పుకొందురు గాని అది నవ్వుటాల విషయము కాదు. డ్రోను హాపరులో పడిపోయెననుకొనుడు. అది లక్షల వెల గలది. దానిని తెచ్చుటకై ఒక కుఱ్ఱవానిని త్రాటితో లోపలికి దింపుటకు ఎవరికైన బుద్ధిపుట్టవచ్చును. ఎవనిని లోపలికి పంపకుండుటకై యంత్రమును తెచ్చితిమో వానినే యంత్రముకొఱకు పంపినట్లగును గదా! జపానువారు ప్రాకు యంత్రమును లోపలనే వదలివేసిన సంగతి ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

పరంజా కట్టువారి జీవనోపాధి మాటయేమి యని మీలో కొందరు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ప్రతి యేట కొలిమి నిండ కట్టెడి పరంజా కొన్ని మూలలకు పరిమితమైనచో కూలి దినములు తగ్గుట నిజము. గోదావరిఖని, మంచిర్యాల బస్తీలలో ఈ పనులపై ఆధారపడు కుటుంబములు కలవు. ప్రమాదము తగ్గినదని సంతోషించువారు కూలి తగ్గినవానిని గూర్చియు ఆలోచింపవలెను. క్రొత్త పనిని ఆ కుటుంబముల పిల్లలకే నేర్పుట ఒక మార్గము. 2021నాటి నిబంధనల ప్రకారము డ్రోను చోదకుని ధ్రువపత్రము పొందుటకు పదునెనిమిది యేండ్లు నిండియుండవలెను, పదవ తరగతిలో ఉత్తీర్ణత యుండవలెను, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొందవలెను. పట్టభద్రులై యుండవలెనను నియమము లేదు. హైదరాబాదులోని తెలంగాణ రాష్ట్ర విమానయాన అకాడమీ ఇట్టి శిక్షణ నిచ్చుచున్నది. అయితే తెరపై కనుపించు నల్లని మచ్చ పగులో మసియో చెప్పుటకు ఆ ధ్రువపత్రము చాలదు. అందుకు గొట్టములను చేతితో తడిమి, సుత్తితో తట్టి చూచిన పాత పనివాని ప్రక్కన కొన్నాళ్లు కూర్చుండవలసినదే.

డ్రోను తన పని ముగించుకొని బూడిదకొట్టుకొని వెలుపలికి వచ్చిన తరువాత, చెడిన గొట్టపు ముక్కను కోసి క్రొత్తముక్కను అతుకుటకు వెల్డరు అదే మ్యాన్‌హోలులో దూరును. ఆ పనిని చేయగల యంత్రమింకను మన బాయిలర్లలో ఎగురుట లేదు. అతడు పోవునపుడు వెలుపల ఒక తోడు కాపలా యుండును. లోపలి గాలిని మరల పరీక్షింతురు. అతని చేతిలో ఒక చీటీ యుండును. ఏ గోడ, ఎన్నవ గొట్టము, ఎంత ఎత్తున అని అందు వ్రాసియుండును. అతడు తిన్నగా ఆ గొట్టమువద్దకే పోయి, దీపము నిలిపి, పని ప్రారంభించును.